పాత బరువు మీద

శనివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, కిటికీ పక్క మంచం మీది పాపను తూకం మీద పడుకోబెట్టారు. ఇది రోజూ జరిగేదే. చెక్క అడ్డుకు ఇవతల బల్ల ముందు కూర్చుని అంకెలు రాసుకోవడం నా పని. అవతలి నుంచి నర్సమ్మాయి కేక వేసింది.

"ఐదు ఐదొందల ముప్పై, మాస్టారూ."

నిన్నటి కాగితం చూశాను. ఐదు కేజీల ఆరు వందల నలభై అని ఉంది.

"మళ్ళీ తూచమ్మా," అన్నాను.

మళ్ళీ తూచింది. అంతే వచ్చింది. తూకం మీద తువ్వాలు తీసేసి, మళ్ళీ వేసి, సున్నా చేసి మూడోసారి తూచింది. అప్పుడూ ఐదు ఐదు వందల ముప్పయ్యే. పాప అప్పటికి గుక్కపట్టి ఏడుస్తోంది. ఒక్క రాత్రిలో నూట పది గ్రాములు పోయాయి. ఐదు కేజీల బిడ్డకు అది చిన్న సంగతి కాదు.

అరకులో మా ఇంటి వెనక వీధిలో ఉన్న ఆసుపత్రిలో, బాగా బక్కచిక్కిన పిల్లల కోసం ఒక వార్డు ఉంది. కాగితాల మీద దానికి పెద్ద పేరుంది. జనం పాల వార్డు అంటారు. తల్లీబిడ్డా కలిసి ఉండాలి. రోజుకు ఎనిమిదిసార్లు నూనె, చక్కెర కలిపిన పాలు కొలిచి పట్టిస్తారు. చేరిననాటి బరువు మీద పదిహేను శాతం పెరిగితే బిడ్డను ఇంటికి పంపవచ్చునని గోడ మీద నీలం రంగుతో రాసి ఉంటుంది. అంతకుముందే తీసుకుపోతే బిడ్డ మళ్ళీ దిగిపోతుంది. కొందరు మళ్ళీ తీసుకొస్తారు. కొందరు రారు. రానివాళ్ళ సంగతి వార్డుకు తెలియదు.

నా భార్య అక్కడ పందొమ్మిదేళ్ళు నర్సుగా పనిచేసింది. మొన్న జూలైలో చనిపోయింది. నేను బడిపంతులుగా పనిచేసి దిగిపోయినవాణ్ణి. సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. లెక్కల మాస్టారు సెలవులో ఉంటే, మా మన్యం బళ్ళలో ఆయన తరచూ సెలవులోనే ఉంటాడు, లెక్కలు కూడా చెప్పేవాణ్ణి.

ఆమె పోయాక చాలామంది ఉత్తరాలు రాశారు. నాతో పనిచేసిన ఒకాయన పద్యాలు రాసి పంపాడు. వాటిలో ఆమె దీపం అని, కొండల్లో వెలిగిందని ఉంది. నేను వాటిని సొరుగులో పెట్టేశాను. ఆమె దీపం కాదు. నర్సు. ఉదయం ఆరున్నరకు జడ బిగించుకుని, టిఫిను డబ్బా పట్టుకుని వెళ్ళేది. చలికాలంలో స్వెట్టరు మీద తెల్లకోటు బిగుతుగా పట్టేదని విసుక్కునేది. ఆమె గురించి నాకు నికరంగా తెలిసినవి ఇలాంటివే. వీటి మీద పద్యాలు రావు.

నెల తిరక్కుండానే ఆమె స్థానంలోకి వచ్చిన అమ్మాయి మా గుమ్మం ముందు నిలబడింది. విజయనగరం వైపు పిల్ల. కొత్త ఉద్యోగం. చేతిలో వానకు తడిసిన కాగితాల కట్ట.

"మాస్టారూ, ఈ శాతం గడి నింపకపోతే పాడేరు ఆఫీసు నుంచి రోజూ ఫోన్లే ఫోన్లు. నాను కట్టింది తప్పంటన్నారు. మేడం గారు ఎలా కట్టీవారో కాస్త సెప్తారేటండీ?"

ఆమె ఎలా కట్టేదో నాకు తెలియదు. శాతం ఎలా కడతారో తెలుసు. రెండూ ఒకటేననుకున్నాను. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ బల్ల ముందు కూర్చునేవాణ్ణి. డాక్టరుగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. నాకూ పొద్దున్నపూట ఇంట్లో ఉండటం కష్టంగా ఉండేది. చూడటానికి వచ్చిన చుట్టాలు "కొంచెం తేరుకున్నారు" అనేవాళ్ళు. ఎంత, దేని మీద అని అడగాలనిపించేది. అడగలేదు.

ఇక ఆ శనివారం సంగతి.

పాప వయసు తొమ్మిది నెలలు. జీపు దిగాక ఇంకా రెండు గంటలు నడిస్తే వచ్చే పల్లె వాళ్ళది. చేరిన రోజు బరువు ఐదు రెండు వందలు. మొదటి రెండు మూడు రోజులు పెరగలేదు, తర్వాత పాలు బాగా పట్టాయి. శుక్రవారం నాటికి నాలుగు వందల నలభై గ్రాములు పెరిగి, ఎనిమిది శాతం దాటింది. ఇప్పుడు చూస్తే మూడు వందల ముప్పయ్యే.

నేను కాగితం మీద భాగహారం చేశాను. ఆరు పాయింట్ మూడు ఐదు. అడ్డు అవతల నర్సమ్మాయి ఫోనులో చేసుకుంది.

"మాస్టారూ, నాకు ఐదు పాయింట్ తొంభై ఏడు వస్తంది. మీరేటి ఆరంటన్నారు?"

నాకు ఒళ్ళు మండింది. ఈ మాట మీద ఆ అమ్మాయికి నేను అప్పటికి కనీసం ఆరుసార్లు చెప్పాను.

"దేంతో భాగించావు?"

"ఇవాల్టి బరువుతో."

"ఇవాళ్టి బరువుతో ఎందుకు భాగిస్తావమ్మా? ఏది పెరిగింది? పాతది పెరిగింది. ఎంత పెరిగిందో పాతదాని మీదే చెప్పాలి. వంద నూట పది అయితే ఎంత శాతం?"

"పది."

"నీ పద్ధతిలో కట్టు."

ఫోను నొక్కింది. "తొమ్మిది పాయింట్ సున్నా తొమ్మిది."

"చూశావా?"

"సూశానండీ. కానీ మాస్టారూ, పాప ఇప్పుడున్నది ఇవాల్టి బరువు కదా. పాత బరువు ఇప్పుడెక్కడుంది?"

దీనికి జవాబు చెప్పడం ఎంత కష్టమో లెక్కలు చెప్పినవాళ్ళకే తెలుస్తుంది. నేను కాగితం తిప్పి గీతలు గీశాను. అడుగున ఒక పెట్టె, దాని మీద చిన్న పెట్టె. అడుగు పెట్టె మారదు, మారకూడదు, అది కదిలితే పైన ఉన్నదానికి అర్థం లేదు అని చెప్పాను. నలభై ఏళ్ళుగా పిల్లలకు చెప్పిన మాటే. పావుగంట చెప్పాను. ఆ అమ్మాయి ఓపిగ్గా తలాడించింది. బాగా చెప్పానని నేను తృప్తిపడ్డాను కూడా.

ఆ పావుగంటలో బిడ్డ ఎందుకు తగ్గిందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆరు పైనా, ఆరు లోపా అన్నదే నా బాధ.

అడగకపోయినా జవాబు చెప్పడానికి ఆయమ్మ ఉంది. ఆ వార్డు మొదలైనప్పటి నుంచీ ఉన్న మనిషి. పాలు కాచేది, పిల్లల్ని కడిగేది, అందరి మీదా పెద్దరికం చేసేది ఆవిడే. పాల గిన్నెలు తోముతూ, ఎవరితోనూ కాదన్నట్టు గట్టిగా అంది.

"శాతాలెందుకమ్మా? పాలు గుంట కడుపులోకి ఎల్తే కదా బరువొచ్చీది. తల్లే తాగీసుంటాది. నిన్న నా కల్లతో నాను సూసినాను, గిన్నె నాకతంది."

వార్డులో పది మంది తల్లులున్నారు. అందరూ విన్నారు. కిటికీ పక్క మంచం మీది తల్లీ విన్నది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, నుదుట పచ్చబొట్టు. పది రోజుల్లో ఆమె మాట నేను పెద్దగా వినలేదు. ఇప్పుడు విన్నాను.

"సల్లారిందో నేదో సూడాలా వొద్దా? నీ మనవడికి సూడకుండానే పోసీసినావేటి? నోరు కాలిపోతే నువ్వొచ్చి ఊదతావా?"

"సూడ్డానికి వేలు సాలదా, నాలికెందుకే?"

"వేలు బండబారిపోనాది. నాది నీలాగ కూకుని తినీ వేలు కాదు."

ఎవరో నవ్వారు. ఆయమ్మ గిన్నె టప్పున బోర్లించింది. నర్సమ్మాయి మధ్యలోకి వెళ్ళింది. ఊరుకోమని చెప్పడానికే వెళ్ళిందనుకుంటాను. కానీ నాలుగు నెలల అనుభవం ఉన్న నర్సులు పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడతారు. "బిడ్డ పాలు నువ్వు తాగకూడదమ్మా. తాగితే శాతం రాదు. నిన్న ఎనిమిదుంది, ఇవాల ఆరుకొచ్చీసింది సూడు," అంది.

ఆ తల్లి కిటికీ వైపు తిరిగింది. కిటికీ గట్టు మీద ఒక డబ్బా మూత ఉంది. అందులో రాజ్మా గింజలున్నాయి. నర్సమ్మాయి రోజూ చెప్పే అంకెకు సరిపడా చీర కొంగు ముడిలోంచి గింజలు తీసి ఆ మూతలో వేసుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది. గోడ మీది పదిహేనుకు పదిహేను గింజలు. మూతలో ఎనిమిదున్నాయి. రెండు తీసి కొంగులో కట్టేసింది. తర్వాత ఆ ఆరూ కూడా తీసి కట్టేసింది. మంచం కిందనుంచి సంచి లాగి పాప గుడ్డలు సర్దడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?" అంది నర్సమ్మాయి.

"ఇంటికి. తొమ్మిదింటి జీపుకి ఎల్లిపోతాను."

ఇంటి దగ్గర నాలుగేళ్ళ పెద్దపిల్ల చూపు సరిగా లేని అత్త దగ్గర ఉంది. భర్త కింద ఎక్కడో ఇళ్ళ కట్టుబడి పనికి పోయాడు. కొండ మీద రాగిచేను, వాళ్ళ మాటలో చోడి, కోతకొచ్చి నిలబడి ఉంది. చిలకలు వాలుతున్నాయి. ఇవన్నీ ఆమె ముందే చెప్పింది, అయినా ఉంటానని ఒప్పుకుంది. పది రోజులుంది. ఇప్పుడు వెళ్ళిపోతానంటోంది.

నేను అడ్డు దాటి లోపలికి వెళ్ళాను. సిగ్గుపడుతూ చెప్తున్నాను, ఆమెకు శాతం అంటే ఏమిటో వివరిద్దామని వెళ్ళాను. చేతిలో ఆ పెట్టెల బొమ్మ కాగితం కూడా ఉంది.

"అమ్మా, ఇది చూడు. చేరినప్పుడు ఇంత. ఇప్పుడు ఇంత. పెరగలేదని కాదు. పెరిగింది. నిన్నటి కంటే తగ్గింది, అంతే."

ఆమె కాగితం చూడలేదు. నా ముఖం చూసింది.

"నిన్న ఎనిమిదన్నారు బాబూ. ఇయేల ఆరంటన్నారు. ఆ రెండూ ఎవులు తినీసినారు?"

"ఎవరూ తినలేదమ్మా. అది లెక్క."

"తినకపోతే ఏటైపోనాయి? నాను తాగీసినానని ఆ ముసల్ది అంటంది. సిస్టరమ్మా అదే అంటంది. మీరూ అదే అంటారా?"

నేను అనలేదు. కానీ నేను కట్టిన ఆరు అంటోంది. ఈ సంగతి అప్పుడు తోచింది నాకు. మనిషి అనలేని మాట అంకె అనేస్తుంది, పైగా దానితో ఎవరూ వాదించరు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బళ్ళో పిల్లవాణ్ణి నిలదీసినట్టు ఒక్కొక్కటే అడిగాను. నాకు వేరే పద్ధతి రాదు.

"రాత్రి పాలు మానిందా?"

"నేదు."

"వాంతి అయిందా?"

"నేదు."

"విరేచనాలు?"

"నేదు."

"జ్వరం?"

"నేదు. అదంతా ఆ కాయితంలో రాసీలేదేటి?"

రాసి ఉంది. అన్నిటికీ లేదు అనే రాసి ఉంది.

"మరి నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందమ్మా?"

"ఏటి మారతాది? కడియాలు తీసీసినాం. అంతే."

నర్సమ్మాయి, నేను పాప కాళ్ళ వైపు చూశాం. సన్నటి కాళ్ళు. చీలమండల చుట్టూ కడియాలు ఒరుసుకుని నల్లబడిన గుర్తులు.

సంగతి ఇది. వాళ్ళ ఇంటిపేరు వాళ్ళందరికీ కలిపి ఒక్క జత కంచు కడియాలు, ఇనప తాళంచెవీ చిల్లు కాణీలూ గుచ్చిన ఒక మొలతాడు ఉన్నాయి. వంశంలో ఎవరికి పురుడైతే ఆ బిడ్డకు అవి తొడుగుతారు. ఇంకో బిడ్డ పుట్టేదాకా ఆ బిడ్డవే. గురువారం ఆమె మరిది భార్యకు మగపిల్లవాడు పుట్టాడు. శుక్రవారం సంతకు వచ్చిన పెద్ద తోటికోడలు మధ్యాహ్నం వార్డుకు వచ్చి, కాసేపు కూర్చుని, అవి విప్పించుకుని పట్టుకుపోయింది. చేరిన రోజున వాటిని తియ్యమంటే ఈ తల్లి ఒప్పుకోలేదు. నర్సమ్మాయికి అప్పటికి ఎవరినీ బలవంతం చేసే ధైర్యం లేదు. అలాగే తూచింది. పది రోజులూ అలాగే తూచింది.

"కాళ్ళు బోసిగా ఉన్నాయని ఇందాక సూశాను మాస్టారూ," అంది ఆ అమ్మాయి ఏడుపు గొంతుతో. "ముద్దుగానే ఉన్నాయనుకున్నాను."

నేను ఆమెను తిట్టలేకపోయాను. పాతదాని మీదే కట్టాలని పావుగంట ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి నేను. ఆ పాత బరువులో బిడ్డ ఎంత, కంచు ఎంత అని నేను అడగలేదు. ఇంకా చెప్పాలంటే, ఆ పది రోజుల్లో పాపను నేను దగ్గరగా చూడనే లేదు. అడ్డుకు ఇవతల కూర్చుని అంకెలు విన్నాను.

ఇప్పుడు కడియాల బరువు తెలియాలి. అవి కొండ మీద ఇంకో పిల్లవాడి కాళ్ళకు ఉన్నాయి. ఆ పల్లెకు ఫోను అందదు. బజారులో కంచు సామాను అమ్మే కొట్టుకు వెళ్ళి అలాంటి జత తెస్తానన్నాను. ఆ తల్లి నావైపు జాలిగా చూసింది.

"అలాటియి ఇపుడు సెయ్యరు బాబూ. ఏదైనా ఇయ్యండి, సెయ్యి సెప్తాది."

నాకు అర్థం కాలేదు. నర్సమ్మాయికి అయింది. తన ఫోను ఆమె అరచేతిలో పెట్టింది. ఆమె కళ్ళు మూసుకోలేదు, హడావుడి ఏమీ చెయ్యలేదు. చెయ్యి రెండుసార్లు పైకీ కిందికీ ఆడించింది.

"ఎక్కువ."

నా తాళాల గుత్తి ఇచ్చాను.

"సాలదు."

స్టీలు గ్లాసు ఇచ్చాం. ఇంకా తక్కువంది. తాళాల గుత్తిని గ్లాసులో వేసి మళ్ళీ ఆడించింది. కాసేపు ఆలోచించి గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసేయమంది. తీశాను. అది మా బీరువాది.

"ఇదీ. మొలతాడుతో కలిపి ఇంతే."

గ్లాసును తూకం మీద పెట్టాం. నూట అరవై గ్రాములు.

"నిజమేనా?" అన్నాను. నమ్మకం లేక కాదు. నోటికి అలవాటు.

"సంతకి నానేటి కాటా పట్టుకెల్తానా బాబూ? కాటా సావుకారుది. సెయ్యి నాది."

బల్ల దగ్గరికి వెళ్ళి మళ్ళీ కట్టాను. ఐదు రెండు వందల్లోంచి నూట అరవై పోతే ఐదు వేల నలభై. ఇవాళ్టి బరువు ఐదు ఐదు వందల ముప్పై. పెరిగింది నాలుగు వందల తొంభై. పాత బరువు మీద తొమ్మిది పాయింట్ ఏడు. రాత్రికి రాత్రి బిడ్డ తగ్గలేదు. యాభై గ్రాములు పెరిగింది.

నర్సమ్మాయి పరుగెత్తుకెళ్ళి చెప్పింది. "తొమ్మిదమ్మా! తొమ్మిది దాటీసింది!"

ఆ తల్లి సంచి ముడి వేస్తూనే ఉంది.

"నిన్న ఎనిమిది. పొద్దున్న ఆరు. ఇపుడు తొమ్మిది. మద్దేనానికి ఎంత సేస్తారు?"

లెక్క ఇప్పుడు సరైందని చెబితే, పొద్దున్న కూడా సరైందనే కదా చెప్పారు అంటుంది. అదీ నిజమే. భాగహారంలో తప్పు పొద్దున్నా లేదు.

"బిడ్డ పెరిగిందమ్మా," అన్నాను.

"పెరిగిందని నాకు తెల్దా? రోజూ ఎత్తుకుంటన్నాను. మీకే తెల్దు. మీరు తగ్గిందంటే ఇక్కడ పాలు పడట్లేదేమో, ఎవుల దిష్టి తగిలిందో అనుకున్నాను. దొంగతనం కూడా కట్టీసినారు. ఇంకా ఎందుకు?"

ఇక ఆపడం మా వల్ల కాదనిపించింది. ఎనిమిదిన్నర అవుతోంది. జీపు బయట హారను కొడుతోంది. అప్పుడు ఆమే అడిగింది, పాపను భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి.

"ఇంకా ఎన్ని దినాలు?"

పది రోజుల్లో ఈ ప్రశ్నను ఆమె ఎన్నిసార్లు అడిగిందో తెలియదు. ప్రతిసారీ మేం గోడ చూపించాం. ఈసారి నేను కట్టాను. కావలసింది ఇంకా రెండు వందల అరవై ఆరు గ్రాములు. రోజుకు నలభై చొప్పున పెరుగుతోంది.

"వారం. ఒకరోజు అటూ ఇటూ."

"వారమంటే మల్లీ సంత దినం, ఆ మర్నాడు. అంతేనా?"

"అంతే."

"ఆ మాట ముందలే సెప్పొచ్చు కదా బాబూ! పదేను పదేనని గోడ సూపిస్తారేటి? పదేను అంటే నాకేటి తెలుస్తాది? ఒకనాడు ఒకటొస్తాది, ఒకనాడు సగమొస్తాది, ఒకనాడు ఉన్నది పోతాది. దినాలైతే పోవు కదా."

ఆమె జీపు దగ్గరికి వెళ్ళింది. నర్సమ్మాయి కళ్ళు తుడుచుకుంది. కిటికీలోంచి చూస్తే, ఆ తల్లి జీపు ఎక్కలేదు. డ్రైవరుతో ఏదో చెబుతోంది. చెయ్యి ఊపుతూ, కొంత కోపంగానే చెబుతోంది. చోడి కొయ్యమని తోటికోడలికి కబురు పెట్టిందట. కడియాలు పట్టుకుపోయింది కదా, కోత కూడా తనే కొయ్యాలి అని. తిరిగి వచ్చి సంచిని మంచం కిందికి తోసింది.

ఆయమ్మ క్షమాపణ చెప్పే మనిషి కాదు. తొమ్మిది గంటల పాలు గిన్నెలో పోసి తెచ్చి, ఆ తల్లి ముందు పెట్టి, "నువ్వే సూసుకో వేడి," అంది. వేలితోనా, నాలికతోనా అని అడగలేదు.

తర్వాత బయట కుళాయి దగ్గర ఆవిడను పట్టుకున్నాను.

"మేడం ఉన్నప్పుడు ఇలాంటివాళ్ళను ఎలా తూచేది?"

"మేడం గారా? బిడ్డని ముట్టుకునీది కాదు ముందు. తల్లిని కూకోబెట్టి, ఏ ఊరు, ఎందరు పిల్లలు, పంటేటి అని కబుర్లాడీది. అరగంటకి ఆ తల్లే తీసీది. తియ్యకపోతే ఫలానా ఉన్నాయని మూల రాసీది. అవి పోయిన్నాడు మల్లీ రాసీది."

"శాతం?"

"అది కాయితానికి. తల్లులకి ఇంకా ఎన్నాల్లో సెప్పీది."

"ఈ సంగతి నాకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడిగినారేటి మాస్టారూ?"

అడగలేదు. ఆవిడను నాలుగు నెలలుగా అడగలేదు. నా భార్యను పందొమ్మిదేళ్ళు అడగలేదు. సాయంత్రాలు ఆమె వచ్చేసరికి నేను వరండాలో చదువుకుంటూ ఉండేవాణ్ణి. చదువుకుంటున్నాను కదా అని ఆమె మాట్లాడేది కాదు. ఎప్పుడైనా ఒక లెక్క సరిచూడమంటే సరిచూసి, ఎక్కడ తప్పిందో చెప్పి, మళ్ళీ పుస్తకం తీసేవాణ్ణి. ఆ లెక్క ఎవరిదని అడిగిన గుర్తు లేదు. మంచి పుస్తకాలే చదివాను. వాటిలో మనుషుల గురించి చాలా ఉంది.

ఇప్పుడు దీని మీద నాకు కోపం వస్తుంది. ఎవరి మీద అంటే చెప్పలేను. ఆమె మీద కూడా వస్తుంది. పుస్తకం లాక్కుని చెప్పి ఉండవచ్చు కదా అనిపిస్తుంది. పందొమ్మిదేళ్ళలో ఒక్కరోజైనా లాక్కోవలసింది.

తర్వాతి వారం రోజులు నేను అడ్డుకు అవతలే కూర్చున్నాను. పాడేరు నుంచి ఫోను వచ్చింది. చేరిననాటి బరువు మార్చడానికి వీలు లేదన్నారు. ఒకసారి ఎక్కించింది ఎక్కించిందేనట. కడియాల సంగతి చెప్పాను. కడియాలకు గడి లేదన్నారు. డాక్టరుగారు కాగితం మీద కారణం రాసి సంతకం పెట్టారు. ఆ కాగితం ఏమైందో తెలియదు.

శుక్రవారం సంతకు తోటికోడలు వచ్చింది. ఆ మగపిల్లవాణ్ణి తల్లి నడుముకు కట్టుకుని వెంట వచ్చింది, కడియాలతో. నర్సమ్మాయి బతిమాలితే ఒక్క నిమిషం విప్పి ఇచ్చారు. మొలతాడుతో కలిపి నూట డెబ్బై. చేతి అంచనాకు పది గ్రాముల తేడా. "మొలతాడు తడిసినట్టుంది," అంది పాప తల్లి, ఒప్పుకోకుండా. చోడి కోత సగం అయిందని తోటికోడలు చెప్పింది. మిగతా సగం ఎవరు కోస్తారన్నదాని మీద ఇద్దరూ వాళ్ళ భాషలో చాలాసేపు పోట్లాడుకున్నారు.

శనివారం పాప ఐదు ఎనిమిది వందలు తూగింది. నేను కట్టి చూసి సరిపోయిందన్నాను. పాపను ఎత్తుకోమని ఆ తల్లి నాకు ఇచ్చింది. ఎత్తుకున్నాను. నా చేతికి ఏమీ తెలియలేదు. అది అలవాటు లేని చెయ్యి. వాళ్ళు తొమ్మిదింటి జీపులో వెళ్ళిపోయారు. నెల తర్వాత చూపించడానికి రమ్మన్నాం. వచ్చారు. బాగానే ఉంది.

గోడ మీద పదిహేను శాతం అన్న రాత అలాగే ఉంది. శాతం గడిలో నేను రోజూ అంకె రాస్తున్నాను, పాత బరువు మీద కట్టే రాస్తున్నాను. పొద్దున్న తూచాక నర్సమ్మాయి ప్రతి మంచం దగ్గరా ఆగి ఇంకా ఎన్ని రోజులో చెబుతుంది. ఆ వార్డులో తల్లులకు శాతం చెప్పడం మానేశాం.